పట్టు కట్టినా తప్పే, మస్లిన్ కట్టినా తప్పే: మేరీ ఆంటోనెట్ దుస్తుల రాజకీయం

1783 ఆగస్టు చివర పారిస్‌లోని లూవ్రు భవనంలో చిత్రకళా ప్రదర్శన మొదలైంది. రెండేళ్లకు ఒకసారి జరిగే ఆ ప్రదర్శనకు కలిగినవాళ్లూ లేనివాళ్లూ అన్న తేడా లేకుండా జనం వచ్చేవారు. ఆ ఏడాదే రాజ అకాడమీలో సభ్యత్వం పొందిన ఎలిజబెత్ వీజే లెబ్రున్ గీసిన ఒక చిత్రంలో ఫ్రాన్సు రాణి మేరీ ఆంటోనెట్ తెల్లని పలుచని మస్లిన్ గౌను తొడుక్కొని, నడుముకు సన్నని పట్టీ కట్టుకొని, తలమీద వెడల్పాటి గడ్డి టోపీతో, చేతిలో గులాబీతో నిలబడి ఉంది. ఒంటిమీద చెప్పుకోదగ్గ నగ ఒక్కటీ లేదు. రాణి లోపలి బట్టలతో జనం ముందుకు వచ్చిందని ఎంత గోల లేచిందంటే, ఆ చిత్రాన్ని ప్రదర్శన నుంచి తీసెయ్యవలసి వచ్చింది. దాని బదులు అదే చిత్రకారిణి మరొకటి గీసి ఇచ్చింది. భంగిమ అదే, గులాబీ అదే. బట్ట మాత్రం నీలి బూడిద రంగు పట్టు, దానికి లేసు అంచులు, మెడలో రెండు పేటల ముత్యాలు. రాణి మళ్లీ రాణిలా కనిపించింది, గోల సద్దుమణిగింది.

ఇక్కడొక చిక్కు ఉంది. బడిలో ఫ్రెంచి విప్లవం పాఠం చదువుకున్న మనకు మేరీ ఆంటోనెట్ అంటే దుబారాకు మారుపేరు. రొట్టె లేకపోతే కేకులు తినమన్న మాట ఆమెది కాదనీ, ఆ మాటను రూసో ఎవరో రాకుమారికి అంటగట్టి రాసేనాటికి ఈమె ఇంకా ఫ్రాన్సులో అడుగే పెట్టలేదనీ చరిత్రకారులు ఎంత చెప్పినా ఆ ముద్ర చెరగలేదు. అంతటి దుబారా మనిషి పట్టు వదిలి, నగలు తీసేసి, నూలు బట్ట కట్టుకున్న రోజున జనం ఊరట చెందాలి గదా, మరింత మండిపడ్డారెందుకు? బట్టలకు విపరీతంగా ఖర్చుపెట్టింది కాబట్టి ప్రజలు తిరగబడ్డారన్న వివరణ ఈ ప్రశ్న దగ్గర ఆగిపోతుంది. వెర్సాయి కొలువులో రాణి బట్ట ఆమె సొంత వస్తువు కాదు. అది పదవితోపాటు వచ్చే రాజముద్ర వంటిది. ఆ ముద్రను ఆమె తన ఇష్టప్రకారం వాడుకోసాగింది. ఆమెకు దక్కిన పొగడ్తలూ తిట్లూ రెండూ అక్కడినుంచే మొదలయ్యాయని నా అభిప్రాయం.

బట్ట రాణిది కాదన్న సంగతి పెళ్లినాడే ఆమెకు తెలియజేశారు. ఆస్ట్రియా మహారాణి మరియా థెరీసాకు పుట్టిన పదహారుమందిలో పదిహేనవ బిడ్డ, పద్నాలుగేళ్ల పిల్ల, 1770 మే 7న రైన్ నది మధ్యలోని ఒక లంకలో వేసిన తాత్కాలిక మంటపంలోకి ఆస్ట్రియా వైపు నుంచి ప్రవేశించి ఫ్రాన్సు వైపు నుంచి బయటికి వచ్చింది. పరాయి దేశానికి చెందినదేదీ మిగలకూడదన్న ఆచారం ప్రకారం ఒంటిమీది లోపలి బట్టనూ మేజోళ్లనూ కూడా మార్పించారని, తర్వాతి కాలంలో ఆమెకు దగ్గరి పరిచారికగా పనిచేసిన కాంపాన్ తన జ్ఞాపకాలలో రాసింది. ఆ తంతులో ఎంతవరకు లాంఛనమో, ఎంతవరకు నిజంగా జరిగిందో అన్నదానిమీద వాదాలున్నాయి గానీ, దాని అర్థంలో వాదానికి తావు లేదు: పిల్ల ఎవరిదైనా ఒంటిమీది బట్ట ఫ్రాన్సుదే కావాలి. తరతరాలుగా పగవాళ్లుగా ఉన్న రెండు రాజవంశాలు 1756లో చేసుకున్న పొత్తుకు ఆ పిల్ల పూచీకత్తు, ఆ బట్ట దానిమీద వేసిన ముద్ర.

వెర్సాయిలో అడుగుపెట్టాక ఆమెకు అర్థమైన రెండో సంగతి, బట్ట తొడుక్కోవడం కూడా తన పని కాదని. కాంపాన్ చెప్పిన ఒక ఉదంతం ఈ వ్యవస్థను బారెడు వ్యాఖ్యానం కంటే బాగా చూపిస్తుంది. ఒక చలికాలపు ఉదయం రాణి బట్టలు విప్పుకొని నిలబడి ఉంది. కాంపాన్ లోపలి చొక్కా అందించబోతోంది. ఇంతలో అంతఃపుర ప్రధాన స్త్రీ వచ్చింది. చొక్కా అందించే హక్కు ఆమెది కాబట్టి చేతి తొడుగులు తీసి దాన్ని అందుకుంది. ఆ లోగా తలుపు దగ్గర అలికిడి అయి ఆర్లియాన్స్ డచెస్ వచ్చింది. ఆమె రాజరక్తం కలది కనుక చొక్కా ఆమె చేతికి మారింది. ఆమె అందించేలోపు రాజు తమ్ముడి భార్య వచ్చింది. హక్కు మళ్లీ మారింది. ఇంతసేపూ రాణి చేతులు గుండెలకు హత్తుకొని చలికి వణుకుతూ నిలబడింది. మనకు ఇది నవ్వులాటగా తోస్తుంది. కానీ ఆ కొలువులో చొక్కా అందించడం ఒక వంశపు అంతస్తుకు రుజువు. ఆ రుజువు కోసమే పెద్ద కుటుంబాలు తమ ఎస్టేట్లు వదిలి వెర్సాయిలో పడి ఉండేవి, రాజుకు అణిగి ఉండేవి.

ప్రతి చలికాలానికీ పన్నెండు దర్బారు దుస్తులు, పన్నెండు మామూలు గౌన్లు, విందులకూ పేకాట సభలకూ మరో పన్నెండు కుట్టించాలన్నది లెక్క. కాలం మారగానే వాటిలో చాలామటుకు పక్కన పెట్టేసేవారు, అవి వస్త్రశాల చూసే స్త్రీలకు చెందేవి. అంటే రాణి పాతబట్ట కూడా మరొకరి ఆదాయమే. ప్రతి ఉదయం గుడ్డ ముక్కలు అంటించిన ఒక పుస్తకాన్ని ఆమె ముందు పెడితే, ఆ రోజు తొడుక్కోదలచిన వాటిమీద ఆమె గుండుసూది గుచ్చేది. 1782 నాటి అటువంటి పుస్తకం ఒకటి ఫ్రాన్సు జాతీయ భాండాగారంలో ఇప్పటికీ భద్రంగా ఉంది.

ఈ వ్యవస్థపై ఆమె తొలి తిరుగుబాటు వచ్చిన ఏడాదే మొదలైంది. తిమింగలపు ఎముకల బద్దలు కూర్చి, ఊపిరాడకుండా బిగించే గట్టి రవికను తొడుక్కునే అధికారం అత్యున్నత వంశాల స్త్రీలకే ఉండేది. అదొక శిక్షా, అదొక గౌరవమూ. పద్నాలుగేళ్ల పిల్ల దాన్ని తొడుక్కోనని మొరాయించింది. ఒక చిన్నపిల్ల రవిక విషయంలో రెండు దేశాల మధ్య ఉత్తరాలు నడిచాయంటే నమ్మబుద్ధి కాదు గానీ నిజంగానే నడిచాయి; ఆస్ట్రియా రాయబారి మెర్సీ దాని గురించి వియన్నాకు నివేదికలు పంపాడు, తల్లి మందలించింది. కారణం లేకపోలేదు. భర్త దగ్గరికి రావడం లేదు, ఆ కాపురం ఏడేళ్లదాకా కుదురుకోలేదు. ఆస్ట్రియా పొత్తును గిట్టని వర్గం ఈ పెళ్లి రద్దయ్యే సాకు కోసం కాచుకొని ఉంది. బిడ్డ పుట్టేదాకా ఆమె హోదాకు ఆధారాలుగా కంటికి కనిపించేవి ఆ బట్టలే. తర్వాత ఆమె మగవాళ్ల తీరు కోటు తొడుక్కొని గుర్రపుస్వారీ మొదలుపెట్టింది. దీనికీ తల్లి భయపడింది. గుర్రంమీద కూర్చున్న రూపం ఫ్రాన్సులో పద్నాలుగో లూయీ నాటినుంచీ రాజాధికారానికి గుర్తు. కడుపు పండని కోడలు ఆ రూపాన్ని అరువు తెచ్చుకోవడంలో ఎంత బలముందో అంత ప్రమాదమూ ఉంది.

1774 మేలో పదిహేనో లూయీ మశూచితో చనిపోయి, అతని మనవడూ ఆమె భర్తా అయిన పదహారో లూయీ గద్దెనెక్కాక, ఆ అరువు సొమ్ముతోనే ఆమె పెద్ద వ్యాపారం మొదలుపెట్టిందని చెప్పాలి. ఆ ఏడాదే రోజ్ బెర్తాన్ అనే అలంకరణ దుకాణదారు ఆమెకు పరిచయమైంది. సామాన్య కుటుంబంలో పుట్టి, పారిస్‌లో సెయింటొనోరే వీధిలో దుకాణం పెట్టిన ఈ బెర్తాన్ తన దుకాణానికి పెట్టుకున్న పేరు ‘ఘనత వహించిన మొఘల్’. ఢిల్లీలో మొఘల్ పాదుషా పేరుకు మాత్రమే పాదుషాగా మిగిలిన రోజుల్లో, పారిస్‌లో ఆ పేరు విలాసానికి బోర్డు అయింది. బెర్తాన్ వారానికి రెండుసార్లు వెర్సాయికి వచ్చి రాణి లోపలి గదుల్లోకి నేరుగా వెళ్లేది. పుట్టుకతో హక్కు పొందిన స్త్రీలు బయట నిలబడాలి, దుకాణదారు లోపల కూర్చోవాలి. ఆమెకు ‘ఫ్యాషన్ల మంత్రి’ అని ఎత్తిపొడుపు పేరు పెట్టారంటే ఆశ్చర్యమేముంది.

ఆ రోజుల్లో వచ్చిందే ‘పూఫ్’ అనే తల అలంకారం. లోపల తీగలు, గుడ్డ, ఉన్ని పెట్టి, సొంత జుట్టుకు సవరం కలిపి గోపురంలా ఎత్తుగా లేపి, పైన పొడి చల్లి, దానిమీద ఏదో ఒక కథ చెప్పే బొమ్మలు నిలబెట్టేవారు. దీన్ని వట్టి పిచ్చిగా కొట్టిపారేసేముందు ఒక ఉదాహరణ చూడాలి. తాత మశూచితో పోయిన అయిదారు వారాలకే కొత్త రాజు ఆ రోగానికి టీకా వేయించుకున్నాడు. ఆవు మశూచితో టీకా వేసే జెన్నర్ పద్ధతి ఇంకా రాని కాలం అది. రోగి పుండులోని రసాన్నే ఎక్కించే ప్రమాదకరమైన పద్ధతి. దానిపై ఫ్రాన్సులో జంకు ఎక్కువ. రాజు బతికి బయటపడగానే ‘టీకా పూఫ్’ బయలుదేరింది: వైద్యానికి గుర్తుగా పాము, రోగాన్ని చావగొట్టే దుడ్డుకర్ర, ఉదయిస్తున్న సూర్యుడు, పండ్లతో ఉన్న ఆలివ్ కొమ్మ. నెత్తిమీద పెట్టుకున్న ప్రభుత్వ ప్రకటన అది. టీకా మంచిదన్న మాటను పారిస్ స్త్రీలలోకి తీసుకుపోవడానికి అంతకంటే వేగమైన సాధనం ఆ కాలంలో మరొకటి ఉండి ఉండదు. రాణికి రాజ్యాంగపరమైన అధికారం ఏమీ లేని దేశంలో, ఆమె తలే ఆమె పత్రిక అయింది.

అయితే పత్రిక అన్నాక ఎవరి ఇష్టం వచ్చినట్టు వారు చదువుతారు. 1775 మార్చిలో తల్లి ఉత్తరం రాసింది: నీ జుట్టు కుదుళ్ల నుంచి ముప్పై ఆరు అంగుళాల ఎత్తు లేస్తోందట, పైన ఈకలూ రిబ్బన్లూ అట, అందగత్తె అయిన రాణికి ఈ వెర్రి అక్కరలేదు అని. ఆ ఉత్తరం వచ్చిన నెలా రెండు నెలల్లోనే ఫ్రాన్సులో గోధుమపిండి ధరల మీద అల్లర్లు చెలరేగాయి. వాటికి ‘పిండి యుద్ధం’ అని పేరు. జుట్టుమీద చల్లే ఆ తెల్లని పొడి గోధుమ గంజిపిండితో చేసినది. రొట్టెకు పిండి లేనివాడికి ఆ నెత్తిమీద టీకా కథ కనిపించదు, పిండే కనిపిస్తుంది.

ఇక్కడ కొంచెం ఆగి చూడవలసిన విషయం ఒకటుంది. అంతకుముందు ఫ్రాన్సులో విలాసం లేదా అంటే ఉంది, ఇంతకంటే ఎక్కువే ఉంది. కానీ అది రాణులది కాదు. పదిహేనో లూయీ రాణి మరియా లెక్‌జిన్‌స్కా పూజలూ పిల్లలూ అంటూ మరుగున ఉండిపోగా, పాంపదూర్, దు బారీ వంటి రాజుగారి ఉంపుడుగత్తెలు వెలిగిపోయారు. జనం వాళ్లను తిట్టుకునేవారు. తిట్లు వాళ్లమీద ఆగిపోయేవి, గద్దెదాకా పాకేవి కావు. పదహారో లూయీకి ఉంపుడుగత్తె లేదు. మేరీ ఆంటోనెట్ ఆ ఖాళీ స్థానంలోని వెలుగును తాను తీసుకుంది. వెలుగుతోపాటు పిడుగు కూడా వస్తుందని గ్రహించలేదు. భర్త ఏకపత్నీవ్రతం ఆమె పరువుకు చేటు తెచ్చిందనడం వింతగా ఉంటుంది గానీ, పాత రాజ్యంలో జరిగింది అదే.

పైగా ఆమె బట్ట ఆమెతో ఆగలేదు. బెర్తాన్ తన పారిస్ దుకాణాన్ని మూయలేదు, మూయాలని రాణి కోరనూ లేదు. రాణి నిన్న తొడుక్కున్న తీరు నేడు డబ్బున్న ఎవరికైనా దొరికేది. 1775 వేసవిలో రాణి గౌను రంగు చూసి రాజు ఇది ‘పూస్’ రంగులా ఉందని, అంటే నెత్తురు పీల్చే, మిడతలా గెంతే ఆ చిన్న పురుగు రంగని, ఎగతాళి చేస్తే, కొద్దిరోజుల్లో కొలువంతా ఆ రంగే. ఆ పురుగు పొట్ట రంగు, తొడ రంగు అంటూ ఛాయలు కూడా పుట్టాయి. ఇందులో లియోన్ నగరపు పట్టు నేతగాళ్లకు, రంగరేజులకు పని దొరికిన మాటా నిజమే. కానీ దర్బారు దుస్తుల ఉద్దేశమే ఎవరు ఎవరో చూడగానే తెలియడం. రాణిని డబ్బుతో అనుకరించవచ్చునని తేలాక, ఆమెకూ ఇతరులకూ ఉన్న తేడా పుట్టుకది కాదు, ఖర్చుది అయిపోయింది.

ఆ ఖర్చు ఎంత? వస్త్రశాలకు ఏటా కేటాయించినది, ఆనాటి ఫ్రెంచి ద్రవ్యంలో, 1,20,000 లీవ్రులు. 1785లో అది 2,58,000 లీవ్రులు దాటింది, అంటే కేటాయింపుకు రెండింతల పైమాట. రోజుకు ఒక లీవ్రు, లీవ్రున్నర సంపాదించే పారిస్ కూలీకి ఈ అంకె ఊహకందదు. కానీ రాజ్యం దివాలాకు ఇది కారణమా అంటే, లెక్క వేరే మాట చెబుతుంది. 1788 నాటి పద్దుల్లో ప్రభుత్వ వ్యయం సుమారు 63 కోట్ల లీవ్రులు. అందులో సగం అప్పులు తీర్చడానికే పోయేది. రాజు, అతని కుటుంబం, కొలువు అందరిదీ కలిపి నూటికి ఆరు వంతులు. రాణి బట్టల ఖర్చు వెయ్యి లీవ్రులకు అర లీవ్రు కూడా కాదు. బొక్కసాన్ని ముంచింది ఇంగ్లాండుతో చేసిన యుద్ధాలు. ఒక్క అమెరికా స్వాతంత్ర్య యుద్ధానికే ఫ్రాన్సు వంద కోట్ల లీవ్రులకు పైగా ధారపోసింది. అయితే అప్పుమీద వడ్డీ వీధిలో నడిచి వెళ్తూ కనిపించదు. గౌను కనిపిస్తుంది.

ఇప్పుడు మస్లిన్ దగ్గరికి వద్దాం. వెర్సాయి తోటల చివరి చిన్న భవనం ‘పెటీ ట్రియానాన్’ను 1774లో రాజు ఆమెకు కానుకగా ఇచ్చాడు. అక్కడ ఆజ్ఞలు రాజు పేరున కాక రాణి పేరున వెలువడేవి. పిలుపు లేనిదే పెద్ద కుటుంబాలవారికి కూడా ప్రవేశం లేదు. అక్కడ ఆమె ఎముకల రవికలు, వెడల్పాటి గంపలంగాలు వదిలేసి, కరీబియన్ దీవుల్లోని ఫ్రెంచి వలసల స్త్రీలు ఎండకు తాళలేక తొడుక్కునే తెల్లని వదులు గౌనుకు అలవాటు పడింది. చూడడానికి అది షెమీజును, అంటే లోపలి చొక్కాను, పోలి ఉండేది. కొంతకాలానికి దానికి ‘రాణిగారి షెమీజు’ అన్న పేరే స్థిరపడింది. మన ఇళ్లలో ఆడపిల్లలకు తొడిగే షిమ్మీ కూడా ఆ మాటకు చుట్టమే. 1783 చిత్రాన్ని చూసినవాళ్ల కోపంలో మొదటి పొర అర్థం కావాలంటే, మన కాలంలో ఒక ముఖ్యమంత్రి భార్య షిమ్మీతో ఉన్న నిలువెత్తు చిత్రాన్ని రవీంద్రభారతిలో పెట్టారని ఊహించుకుంటే చాలు.

రెండో పొర పట్టుది. పద్నాలుగో లూయీ కాలం నుంచీ ఫ్రెంచి దర్బారు దుస్తులంటే లియోన్ పట్టుకు యూరపంతా చూసే ప్రకటన. రాణి పట్టు కట్టడం ఆమె ముచ్చట కాదు, ఒక నగరానికి అన్నం పెట్టే విధి. ఆమె పట్టు వదిలితే మగ్గాలు ఆగుతాయని లియోన్ గగ్గోలు పెట్టింది. 1786లో అక్కడి నేతగాళ్లు కూలి పెంచమని సమ్మె చేశారు. 1787లో పట్టుగూళ్ల పంట దెబ్బతిని మగ్గాలు వేల సంఖ్యలో మూతపడ్డాయి. ఈ కష్టాలకు రాణి గౌను కారణమని చెప్పడం అన్యాయం. కానీ పట్టుగూళ్లను తిట్టడం కంటే రాణిని తిట్టడం తేలిక.

మూడో పొర మనకు దగ్గరిది. నూలు బట్ట ఫ్రాన్సులో చాలాకాలం రాజకీయ వస్తువే. కోరమాండల్ తీరపు అద్దకం గుడ్డలు, మచిలీపట్నం చీట్లతో సహా, పదిహేడో శతాబ్దంలో ఫ్రెంచివారిని ఎంత ఆకట్టుకున్నాయంటే, తమ పట్టు, ఉన్ని పరిశ్రమలు మునిగిపోతాయని 1686లో ప్రభుత్వం వాటి దిగుమతినీ, స్వదేశంలో అటువంటి అద్దకాన్నీ నిషేధించింది. ఆ నిషేధం 1759 దాకా, డెబ్బై మూడేళ్లు నిలిచింది. వీధిలో చీటు గౌనుతో కనిపించిన ఆడవాళ్లమీద జరిమానాలు పడ్డాయి, బట్టలు చింపిన ఘటనలూ ఉన్నాయి. అయినా దొంగతనంగా సరుకు వస్తూనే ఉండేది. పాంపదూర్ వంటి వారే వాటిని దర్జాగా వాడేవారు. చిరివేరుతో ఎరుపు ఎలా ఎక్కిస్తారో, మైనం పూసి నీలిలో ఎలా ముంచుతారో కనిపెట్టి ఐరోపాకు వివరంగా రాసి పంపినవారిలో ఒకడు కేర్దూ అనే జెస్యూట్ మతగురువు. తెలుగు, ఫ్రెంచి, సంస్కృతాలకు నిఘంటువు కూర్చిన కేర్దూ ఇతడే. అద్దకం మీద అతని ఉత్తరం 1742 నాటిది. ఫ్రెంచి సేనాని బుస్సీ సంపాదించిన ఉత్తర సర్కారులు జారిపోయి, మచిలీపట్నం కోట ఇంగ్లీషువారి వశమైంది 1759 ఏప్రిల్‌లో. ఫ్రాన్సులో చీటు గుడ్డలమీద నిషేధం ఎత్తివేసిందీ ఆ ఏడాదే. ఈ రెండింటికీ నేరుగా సంబంధం లేదు గానీ, తీరం పోయిన ఏటనే తీరపు గుడ్డకు తలుపులు తెరవడంలో ఒక వెక్కిరింత ఉంది.

1783 నాటికి నూలు బట్టమీద చట్టపరమైన అడ్డు లేదు. కానీ సన్నని మస్లిన్ ఎక్కడిది? మేలైనది బెంగాలుది, బెంగాలు ఇంగ్లీషు కంపెనీది. ఇంగ్లాండుతో అయిదేళ్లుగా సాగిన యుద్ధానికి ముగింపు సంధిమీద సంతకాలు పడింది ఆ సెప్టెంబరులోనే. ఆస్ట్రియా పాలనలో ఉన్న బ్రస్సెల్స్ ప్రాంతంలో కూడా సన్నని గుడ్డలు నేసేవారు, అక్కడి ప్రభువు రాణి అన్నగారైన జోసెఫ్. కాబట్టి ఆ తెల్ల గౌను పగవాడి బొక్కసానికో, పుట్టింటికో ఫ్రెంచి డబ్బు తరలించే దారి అన్న నింద సులువుగా అంటుకుంది. లంకలో ఒలిచేసిన ‘ఆస్ట్రియా పిల్ల’ పదమూడేళ్ల తర్వాత ఒక గౌను రూపంలో తిరిగి వచ్చిందన్నమాట. మరుసటి ఏడాది మేరీ ఆంటోనెట్ పంపిన అటువంటి గౌను తొడుక్కొని ఇంగ్లాండులో డెవన్‌షైర్ డచెస్ జార్జియానా సంగీత సభకు వెళ్లింది. ఫ్రాన్సు రాణి ఇప్పుడు పట్టుకు కాక మస్లిన్‌కు ప్రచారకర్త.

ఈ తెల్ల గౌను వల్ల జరిగిన అసలు నష్టం వజ్రాల హారం వ్యవహారంలో బయటపడింది. దు బారీ కోసం నగల వ్యాపారులు తయారుచేసి, అమ్ముడుపోక మిగిలిన 16 లక్షల లీవ్రుల హారాన్ని కాజేయడానికి ఝాన్ ద ల మోత్ అనే మోసగత్తె పన్నాగం పన్నింది. రాణి ఆగ్రహానికి గురై ఎలాగైనా ప్రాపకం సంపాదించాలని తహతహలాడుతున్న రోహాన్ కార్డినల్‌కు, రాణి మీతో రహస్యంగా కలుస్తుందని నమ్మబలికింది. 1784 ఆగస్టులో ఒక రాత్రి వెర్సాయి తోట పొదరింట్లో, నికోల్ అనే ఒక పారిస్ యువతికి అచ్చం ఆ చిత్రంలోని మస్లిన్ గౌను తొడిగి నిలబెట్టారు. ఆమె ఒక గులాబీ ఇచ్చి రెండు ముక్కలు మాట్లాడింది. కార్డినల్ నమ్మి, రాణి తరఫున హారం కొని ఇచ్చాడు. అది ముక్కలై లండన్‌లో అమ్ముడుపోయింది. రాణికి ఈ సంగతేదీ తెలియదు. ఎముకల రవిక, గంపలంగా, పట్టు, వజ్రాలు, వెంట పరివారం ఉన్న రాణి వేషాన్ని అద్దెకు తెచ్చిన పిల్లకు వెయ్యడం అసాధ్యం. మస్లిన్ గౌనూ గడ్డి టోపీ అయితే ఎవరికైనా సరిపోతాయి. 1786 మేలో పార్లమా న్యాయస్థానం కార్డినల్‌ను నిర్దోషిగా వదిలేసింది. ఫ్రాన్సు రాణి అర్ధరాత్రి పొదల్లో ఒక మతాధికారిని కలిసి ఉండవచ్చునని అతడు నమ్మడంలో తప్పు లేదని ఆ తీర్పుకు అర్థం. శిక్ష పడింది రాణి పరువుకే.

ఆమె తప్పు తెలుసుకోలేదనడానికి లేదు. 1787 ప్రదర్శనకు వీజే లెబ్రున్ మరో చిత్రం గీసింది: సేబుల్ బొచ్చు అంచుల ఎర్ర మఖమల్ గౌనులో, పిల్లల నడుమ కూర్చున్న తల్లి. ఆ ఎరుపు పాత రాణి లెక్‌జిన్‌స్కా చిత్రాన్ని గుర్తుచేసే ఎరుపు. ఖాళీ ఉయ్యాల ఆ వేసవిలోనే చనిపోయిన పసిపాప సోఫీది. నగల బీరువా వెనక నీడలో ఉంది, రాణి మెడ బోసిగా ఉంది. హారం నాకు అక్కరలేదన్న మాట అంతకంటే గట్టిగా చెప్పలేరు. కానీ ప్రదర్శన మొదలైన నాటికి చిత్రం గోడకెక్కలేదు. కోశాగారం లోటు బయటపడిన ఏడాది అది, రాణికి ‘లోటు దొరసాని’ అని పేరు పెట్టారు. ఖాళీ చట్రాన్ని చూసి ఎవరో ఇదుగో లోటు అన్నారట. నాలుగేళ్ల కిందట ఆ చిత్రం వచ్చి ఉంటే ఏమయ్యేదో గానీ, అప్పటికి ఆమె ఏది కట్టినా జనం చదివేది బట్టను కాదు, ముందే తాము రాసి పెట్టుకున్న కథను.

1789లో ఈ భాష అందరిదీ అయింది. మే నెలలో మతాధికారులు, ప్రభువులు, సామాన్యుల ప్రతినిధులు కూడే ఎస్టేట్స్ జనరల్ సభకు మూడో వర్గమైన సామాన్యుల ప్రతినిధులు సాదా నల్ల బట్టలతో రావాలని, ప్రభువులు జరీ దుస్తులతో రావాలని ఆదేశిస్తే, ఆ నల్ల బట్టలనే వాళ్లు గర్వంగా ధరించారు. తర్వాత రంగు రంగుకూ పక్షం ఏర్పడింది: మూడు రంగుల రిబ్బను విప్లవానిది, తెలుపు రాజుగారి బూర్బన్ వంశానిది, నలుపు ప్రభువులదీ ఆస్ట్రియాదీ. పారిస్‌కు తరలించిన రాణి మూడు రంగుల రిబ్బన్లు పెట్టుకుంది. ఎవరూ నమ్మలేదు.

1791 జూన్ పలాయనానికి ముందు ఆమె చేసిన పని కాంపాన్‌ను కలవరపెట్టింది. రహస్యంగా తప్పించుకుపోవలసిన మనిషి తనకూ పిల్లలకూ పెట్టెలకొద్దీ కొత్త బట్టలు సిద్ధం చేయించి ముందే పంపసాగింది. ఫ్రాన్సు రాణికి బట్టలు ఎక్కడైనా దొరుకుతాయని కాంపాన్ చెప్పి చూసింది, వినలేదు. ఆ సన్నాహాలను గమనించిన వస్త్రశాల పరిచారిక ఒకతె అధికారులకు చెప్పనే చెప్పింది. ప్రయాణంలో మాత్రం పిల్లల దాది ఒక రష్యన్ ప్రభు వంశపు స్త్రీగా, రాణి ఆమె దగ్గర పనిచేసే పంతులమ్మగా, రాజు నౌకరుగా, యువరాజు ఆడపిల్లగా వేషాలు వేశారు. రాజు ముఖాన్ని దారిలో గుర్తుపట్టారు, వరెన్ ఊళ్లో బండి ఆగిపోయింది.

1792 ఆగస్టు 10న జనం పారిస్‌లో రాజకుటుంబం ఉంటున్న ట్విలరీ భవనంమీద పడ్డప్పుడు ఆ వస్త్రశాల లూటీ అయింది. 1793 జనవరిలో భర్త తల తెగాక ఆమె అడిగినవి నల్లని శోకవస్త్రాలు. వాటిని ఇచ్చారు. అక్టోబరులో విచారణకు ఆ చిరిగిన నల్ల గౌనుతోనే వచ్చింది. ట్రియానాన్ ఖర్చు గురించి, ఝాన్ ద ల మోత్ గురించి కూడా అక్కడ ప్రశ్నలు వేశారు. ట్రియానాన్‌కు తాననుకున్నదానికంటే ఎక్కువే ఖర్చయి ఉండవచ్చునని ఒప్పుకుంది, ల మోత్‌ను ఎన్నడూ చూడలేదంది. అక్టోబరు 16న వధ్యస్థానానికి వెళ్లేటప్పుడు నల్ల బట్టలు పనికిరావన్నారు, విధవ రాణి వేషం చూసి జనం చలిస్తారేమోనన్న జంకు. ఆమె తెల్లని గౌను తొడుక్కొని, మెడ చుట్టూ మస్లిన్ గుడ్డ వేసుకుని, తెల్ల టోపీ పెట్టుకుంది. పూర్వకాలపు ఫ్రాన్సు రాణులు వైధవ్యంలో ధరించే రంగు తెలుపే. నలుపు వద్దన్నవాళ్లకు అది గుర్తున్నట్టు లేదు.

కొద్ది ఏళ్లలో పారిస్ స్త్రీలందరూ తెల్ల మస్లిన్‌లోకి మారారు. గ్రీకు, రోమన్ శిల్పాల పోలిక చెప్పి, గణతంత్రానికి తగిన నిరాడంబరమైన బట్ట ఇదేనన్నారు. అది రాణిగారి షెమీజుకు కూతురని ఎవరూ అనలేదు. లియోన్ మగ్గాలు ఇంకా లేవలేదు. నెపోలియన్ అధికారంలోకి వచ్చాక పాత రాజుల పద్ధతినే పట్టుకుని, భవనాలకు లియోన్ పట్టు తెప్పించాడు, కొలువులో స్త్రీలు పట్టే కట్టాలని పట్టుబట్టాడు, ఇంగ్లీషువారి ద్వారా వచ్చే మస్లిన్‌ను చూస్తే చిరాకు పడేవాడు. అతని భార్య జోసెఫీన్ పుట్టింది కరీబియన్‌లోని మార్టినిక్ దీవిలో. ఆమె మాత్రం భారతదేశపు మస్లిన్లు తెప్పించుకుంటూనే ఉండేది.